మా అత్త వండిన బాతుల మేత

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డు మీద, ఇళ్లు అయిపోయి పత్తి చేలు మొదలయ్యే చోట మా ఇల్లు. ముందు వసారాలో నా కుట్టుమిషను ఉంటుంది. వెనక వేపచెట్టు, దాని కింద కోళ్ల గూడు, ఆ పక్కన కొంచెం ఖాళీ జాగా. నేను జాకెట్లు కుడతాను. మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు. ఆయన తల్లి, మా అత్త, మాతోనే ఉంటుంది.

మా అత్తది పెద్దకడుబూరు వైపు పల్లె. పెళ్లికి ముందూ తర్వాతా పత్తి తీసి, బుడ్డలు పీకి బతికిన మనిషి. వేరుశనగని మేం బుడ్డలనే అంటాం. పొద్దున సద్ది మూట కట్టుకుని పోతే దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేది. అలాంటి మనిషికి మోకాళ్లు పట్టేసి కూలికి పోలేని రోజు వచ్చింది. అప్పటినుంచి మంచం మీద కూర్చుని గోడకేసి చూడటమే. టీవీ పెడితే కట్టేయమనేది. తినమంటే, పని చేయనిదానికి తిండెందుకు అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మా ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు.

ఒకసారి ఆయన కౌతాళం వైపు వరిగడ్డికి పోయాడు. అక్కడ కాలువ కింద వరి కోసిన మళ్లలో బాతుల మందలు మేపేవాళ్లు దిగి ఉన్నారట. మంద వేరే ఊరికి కదులుతుంటే, నడవలేని చిన్న పిల్లలను గంపకెత్తి ఈయనకు ఇచ్చారు. సాయంత్రం ఆటో ఆపి, గంప తెచ్చి మా అత్త మంచం మీద పెట్టాడు. పైన గుడ్డ తీస్తే పసుప్పచ్చ ఉండలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. మా అత్త చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి, వీటిని ఎలా పెంచాలో నాకు తెలియదన్న మాట మింగేశాను.

వీధిలో అందరూ వచ్చి చూశారు. మా ఊళ్లో కోళ్లున్నాయి, గొర్రెలున్నాయి, గేదెలున్నాయి. బాతులు ఎవరింట్లోనూ లేవు. ఎదురింటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మనకు తాగనీకే నీళ్లు చాలవు. వీటికి యాడనుంచి తెస్తారప్పా?" అని అడిగింది. అందరూ నవ్వారు. అందులో తప్పేమీ లేదు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊరు మాది.

మొదటివారం మా అత్తే వాటికి తిండి పెట్టింది. అన్నం మెత్తగా పిసికి పెట్టింది. టీకొట్టులో మిగిలిన బ్రెడ్డు ముక్కలు అడిగి తెప్పించి, నీళ్లలో నానబెట్టి పెట్టింది. అవి ఎగబడి తిన్నాయి. నేను బజారు నుంచి కోడిపిల్లల దాణా తెచ్చాను. అదీ తిన్నాయి. మెడలు సాగాయి, ఒళ్లు పెరిగింది. చూసేవాళ్లకు అంతా బాగానే ఉంది.

ఒకరోజు పొద్దున గూడు తీస్తే రెండు పిల్లలు బయటికి రాలేదు. కాళ్లు వంకరగా పెట్టుకుని కూర్చున్నాయి. లేపి నిలబెడితే పక్కకు ఒరిగిపోయాయి. మోకాలి కీళ్లు ఉబ్బినట్టున్నాయి. మర్నాటికి ఇంకొన్ని అలాగే అయ్యాయి. దిష్టి తగిలిందని ఒకరన్నారు. మా అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ సాయంత్రం ఒక పిల్ల చచ్చిపోయింది.

దాన్ని పూడ్చివచ్చాక మా అత్త చేతులు కడుక్కుని మంచం ఎక్కింది. "నా సేతి కూడు తిని సచ్చిపోయె. ఇంక నన్ను పెట్టమనొద్దు మే" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

చచ్చిన పిల్ల గురించి నాకు బాధ లేదని కాదు. కానీ ఆ మనిషి మళ్లీ గోడవైపు తిరగడమే నన్ను కుదురుగా ఉండనీయలేదు. దారాలకూ లైనింగు గుడ్డకూ నేను ఎలాగూ ఆదోని పోవాలి. కాళ్లు పడిన పిల్లల్ని గంపలో పెట్టుకుని పొద్దున బస్సెక్కాను. బస్సంతా వాటి అరుపే. కండక్టరు వచ్చి గంపలోకి చూసి, "ఇయ్యి కోళ్లు కాదే" అన్నాడు. బాతులని చెబితే నమ్మలేక మళ్లీ చూశాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషని మాటలో తెలుస్తోంది. గేదెల వాళ్లూ మేకల వాళ్లూ వరసలో ఉన్నారు. నా వంతు వచ్చాక గంప చూసి ఆమె ముఖం వెలిగింది. చిన్నప్పుడు వాళ్లింట్లో బాతులుండేవట. ఒక్కొక్క పిల్లనూ చేతిలోకి తీసుకుని కాలు చాపి చూసింది, కీలు ఒత్తి చూసింది. ఏం పెడుతున్నారని అడిగింది. నేను అంతా చెప్పాను.

"ఇది రోగం కాదమ్మా, తిండిలో కొరత. బాతుపిల్ల కోడిపిల్ల కాదు. దాని కాళ్లు గట్టిపడాలంటే ఒక బి విటమిను కోడిపిల్ల కంటే బాగా ఎక్కువ కావాలి. బ్రెడ్డుతో, తెల్లన్నంతో కడుపు నిండుతుంది గాని కాళ్లు నిలబడవు" అంది.

తర్వాత చాలాసేపు చెప్పింది. నీళ్లలో కలిపే విటమిను మందు ఇచ్చింది. మేతలో కొంచెం ఈస్ట్ పొడి కలపమంది. బ్రెడ్డు పూర్తిగా మానేయమంది. కోడిపిల్లల దాణాలో మందులు కలిపి ఉంటాయి కాబట్టి, మందు కలపనిది అడిగి తీసుకోమంది. మా వైపు పండే జొన్నలు, కొర్రలు, నూకలు, తవుడు అన్నీ పనికొస్తాయట. వాటికి తోడు మాంసకృత్తులు ఉండాలి. ఎండు చేపలు పెట్టవచ్చు, కానీ ఉప్పు లేనివి కావాలి. పచ్చి ఆకు రోజూ ఉండాలి. తినేటప్పుడు పక్కనే నీళ్లుండాలి, లేకపోతే మేత గొంతుకు అడ్డం పడుతుంది. ఈదడానికి చెరువు అక్కర్లేదట. ముక్కు, కళ్లు మునిగేటంత లోతున్న తొట్టి చాలట.

చివరికి, గంప ఎత్తుకుని బయల్దేరబోతుంటే మళ్లీ పిలిచింది. "నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క మీ వైపు ఎక్కువ కదా. బాతులకు మాత్రం అది పెట్టొద్దమ్మా. దానికి పట్టే బూజులో విషం ఉంటుంది. కోళ్లు కొంచెం తట్టుకుంటాయి, బాతులు తట్టుకోలేవు" అని చెప్పింది. ఆ మాట నేను అప్పుడు మామూలుగానే విన్నాను.

బజారులో ఈస్ట్ పొడి కొని, ఇంటికొచ్చి మా అత్త పక్కన కూర్చుని, తప్పు ఆమె చేతిది కాదని చెప్పాను. పిల్లలకు ఆకలి తీరింది గాని బలం దొరకలేదని చెప్పాను. అప్పుడు నా అవసరం చెప్పాను. పెళ్లిళ్ల కాలం, మిషను మీద జాకెట్లు గుట్టగా ఉన్నాయి. రోజూ మేత ఉడికించి, ఆకు తరిగి, నీళ్లు మార్చి, మందు కలపడం నా వల్ల కాదు. ఎవరో ఒకరు చూడకపోతే మిగిలినవీ పోతాయని చెప్పాను. కాసేపటికి ఆమె మంచం దిగింది. గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి, "ఆ పొడి యాడ పెట్టినావు?" అని అడిగింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు పొయ్యిలు. లోపలిది మాకు, పెరట్లో రాళ్లు పెట్టినది బాతులకు. మా అత్త జొన్నలు, కొర్రలు గరుకుగా విసిరి నూకలతో కలిపి ఉడికించేది. చల్లారాక తవుడు, ఈస్ట్ పొడి కలిపేది. ఉప్పు లేని చేపలు సంతలో దొరకలేదు. ఆమె మామూలు ఎండు చేపలనే రాత్రంతా నీళ్లలో వేసి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి, ఉప్పు పోయిందో లేదో నాలుకకు తగిలించి చూసి మరీ దంచేది. మేత ముద్ద చేతిలో పట్టి నలిపి, పిండి ఎక్కువైందనో పొడిగా ఉందనో తనలో తాను గొణుక్కునేది. మాకు వండేటప్పుడు కూడా ఇంత శ్రద్ధ లేదని మా ఆయన అన్నాడు. ఆమె విననట్టే ఉంది.

పాత డ్రమ్మును అడ్డంగా కోసి తొట్టి చేశాం. కుళాయి వచ్చిన రోజు నింపేవాళ్లం. బాతులు దాంట్లో తల ముంచి, కళ్లు కడుక్కుని, రెక్కలు విదిలించి నీళ్లన్నీ బురద చేసేవి. ఆ నీళ్లను మా అత్త పారబోయనివ్వలేదు. గోడ పక్కన తోటకూర చల్లి దానికి పోసింది. బాతుల ఎరువుతో కలిసిన నీళ్లేమో, తోటకూర మోకాలెత్తు లేచింది. అందులో సగం బాతులకు, సగం మాకు.

కాళ్లు పడిన పిల్లల్లో అన్నిటికంటే నీరసంగా ఉన్నదాన్ని ఆమె ఒళ్లో పెట్టుకుని తినిపించేది. అది లేస్తుందని నాకు ఆశ లేదు. ఒకరోజు నేను కాజాలు కుడుతుంటే వెనక నుంచి కేక వినబడింది. పడిపోయిందేమోనని పరుగెత్తాను. మా అత్త తొట్టి పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆ పిల్ల ఆమె కాళ్ల దగ్గర నిలబడి ఉంది. ఒక అడుగు వేసి ఒరిగింది, మళ్లీ లేచింది, ఇంకో అడుగు వేసింది. తొట్టి దాకా పోయి ముక్కు ముంచింది. మా అత్త కళ్లు తుడుచుకోలేదు. చేతికి మేత అంటి ఉంది. "సూడు మే, నడుస్తాండాది" అంది. నేనూ ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాను. జాకెట్టు ఆరోజు ఇవ్వలేకపోయాను, ఆ ఇంటివాళ్లు కసురుకున్నారు, నాకేమీ అనిపించలేదు.

తర్వాతిసారి ఆదోని పోయినప్పుడు డాక్టరమ్మ ఒక సంచిలో అజొల్లా ఇచ్చింది. నీళ్ల మీద తేలే పచ్చటి నాచులాంటి మొక్క. పశువులకు, కోళ్లకు, బాతులకు మంచి మేత. మా అత్త చూసి, పాచి తెచ్చినావా అంది. వేపచెట్టు నీడలో లోతు తక్కువ గుంత తవ్వి, ప్లాస్టిక్ పట్ట పరిచి, మట్టి, పేడ నీళ్లు పోసి వదిలాం. వారం తిరిగేసరికి గుంత నిండా పచ్చ దుప్పటి కప్పినట్టయింది. ఎంత తీసినా మళ్లీ నిండుతుంది. ఎండాకాలం కలుపుకూర కోసం గట్లన్నీ తిరిగిన మనిషి ఆమె. ఇంత తక్కువ నీళ్లలో ఇంత పచ్చదనం ఎలా వచ్చిందో ఆమెకు నమ్మకం కుదరలేదు. రోజుకు నాలుగుసార్లు పోయి చూసేది. మొదట్లో గోడ పట్టుకుని పోయేది, తర్వాత కర్రతో, ఆ తర్వాత కర్ర కూడా అక్కర్లేకపోయింది.

వానలు పడ్డాక మా అత్త అన్న వచ్చాడు. మా ఆయనకు మేనమామ, నేనూ మామ అనే పిలుస్తాను. పెద్దకడుబూరు దగ్గరి పల్లెలో బుడ్డలు వేసే రైతు. చెల్లెలు బాతులు పెంచుతోందని విని సంబరపడి, సైకిలు మీద ఒక మూట పెట్టుకుని బస్సు దాకా తెచ్చి, బస్సెక్కించి మా ఇంటికి మోసుకొచ్చాడు. వాళ్ల ఊరి నూనె మిల్లులో తన బుడ్డలే ఆడించిన చెక్క. ఇది తిన్న ఎద్దు నాగలి వదలదనీ, బాతులు ఇది తింటే పందుల్లా బలుస్తాయనీ అన్నాడు. మా అత్త ముఖంలో గర్వం చూడాలి. పుట్టింటి నుంచి ఆమెకు ఏదైనా వచ్చి ఎన్నేళ్లయిందో.

ఆమె మూట విప్పి, చిన్న ముక్క తుంచి తొట్టి వైపు పోతుంటే నేను అడ్డం పోయాను. డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను.

"మా పుట్టింటి సెక్క విషమంటాండావా?" అంది మా అత్త. గొంతు పెద్దది చేయలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

మామ కూడా నొచ్చుకున్నాడు. తాత ముత్తాతల నుంచి గేదెలకు పెడుతున్నాం, ఏ గేదె చచ్చింది అని అడిగాడు. గేదె వేరు, బాతు వేరు అని చెప్పాను. పుట్టింటిని అనడం లేదు, బూజును అంటున్నానని చెప్పాను. మూట తీసుకుని పెరట్లో ఎండ పడే చోట చాప మీద కుమ్మరించాను. పైన ముక్కలు బాగానే ఉన్నాయి. మూట అడుగున, వానకు తడిసిన చోట ముక్కలు అంటుకుపోయి ఉన్నాయి. ఒకదాన్ని విరిచాను. లోపల ఆకుపచ్చ బూజు.

మా అత్త వంగి ఆ ముక్క తీసుకుంది. వాసన చూసింది. ఇంకో ముక్క విరిచింది, ఇంకోటి విరిచింది. తర్వాత అన్నవైపు తిరిగి, "అన్నా, మీ ఇంట్లో కోళ్లకు ఇదే పెడతాండారా?" అని అడిగింది.

కోళ్లు కొన్ని ముడుచుకు కూర్చుంటున్నాయనీ, కొక్కెర తెగులేమో అనుకుంటున్నామనీ మెల్లగా చెప్పాడు. ఆయన కోళ్లకు వచ్చింది ఏ జబ్బో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఊరికి పోతూ దారిలో పశువుల డాక్టరుకు చూపించమని మాత్రం చెప్పాను.

మా అత్త గడ్డపార తెమ్మంది. నేను తవ్వుతానంటే ఇవ్వలేదు. మామ చేయి చాపాడు, ఆయనకూ ఇవ్వలేదు. గోడ అవతల మూల గుంత తానే తవ్వింది. మోకాలు నొప్పి పెడుతున్నట్టు ప్రతి పోటుకూ తెలుస్తోంది. మూటంతా అందులో పోసి, మట్టి కప్పి, కాలితో తొక్కింది. పుట్టింటి నుంచి వచ్చినదాన్ని ఒక్క ముక్క కూడా ఉంచుకోలేదు. లోపలికి వచ్చి అన్నకు జొన్నరొట్టె, తోటకూర పప్పు పెట్టి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. ఆయన తినేసి పోయేటప్పుడు, అజొల్లా గుంత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

చలికాలం మొదట్లో బాతులు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. మొదటి గుడ్డు చేతిలోకి తీసుకుంటే మెత్తగా ఒత్తుకుంది. పెంకు తోలులా ఉంది. మా అత్త ఈసారి మంచం ఎక్కలేదు. "పెంకుకేం తక్కువైందో అడిగి రాపో" అని నన్నే తరిమింది. డాక్టరమ్మ ఫోనులోనే చెప్పింది. గుడ్లు పెట్టే బాతుకు సున్నపు సత్తువ, అంటే కాల్షియం, కావాలి. మా అత్త వీధిలో అందరి ఇళ్లకూ పోయి కోడిగుడ్డు పెంకులు అడిగి తెచ్చింది. వాటిని ఉడికించి, ఎండబెట్టి, రోట్లో దంచి వేరే చిప్పలో పెట్టింది. బాతులు తమకు కావలసినంత అందులోంచే ఏరుకున్నాయి. కొద్దిరోజులకు గుడ్లు రాయిలా గట్టిపడ్డాయి. పగలగొడితే సొన కుంకుమ కలిపిన పసుపులా ఉంది. అంత రంగు సొన మా వీధిలో ఎవరూ చూడలేదు. మొదట నవ్విన ఎదురింటావిడ గిన్నె పట్టుకుని వచ్చి, కోడలు బాలింత, రెండు గుడ్లు ఇస్తావా అని అడిగింది. మా అత్త గుడ్లతో పాటు చారెడు అజొల్లా కూడా ఇచ్చింది, నీ కోళ్లకు వేయి అని.

పోయిన ఏడాది పెద్దకడుబూరు మండలంలో పశువైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మ ఫోను చేసి, మీ అత్తగారిని తీసుకురమ్మంది. నాలుగు మాటలు చెప్పిస్తాను, నేను చెబితే వినే చెవి వేరు, ఆమె చెబితే వినే చెవి వేరు అంది. మా అత్త వల్ల కాదంది. మైకు పట్టుకోవడం చచ్చినా రాదంది. అయినా ఆ పొద్దున ఉతికిన చీర కట్టుకుని, గంపలో మూడు బాతుల్ని పెట్టుకుని, బకెట్లో అజొల్లా నింపుకుని ఆటోలో ముందు సీట్లో కూర్చుంది.

బడి ఆవరణలో టెంటు వేశారు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు, మగవాళ్లు నిండి ఉన్నారు. ముందు వరసలో మా మామ. మైకు ఇస్తే మా అత్త పక్కన పెట్టేసింది. గంప విప్పి బాతుల్ని వదిలింది. అవి టెంటంతా తిరుగుతుంటే జనం నవ్వారు. నవ్వు ఆగాక ఆమె మాట్లాడింది. కూలి చేలో ఈ సాలు నుంచి ఆ సాలుకు వినబడేలా మాట్లాడిన గొంతు అది, మైకు అవసరమే రాలేదు. జొన్నలు ఎలా విసరాలో చెప్పింది. చేపల్లో ఉప్పు ఎలా తీయాలో చెప్పింది. బ్రెడ్డు పెట్టి చంపుకున్న పిల్ల గురించీ దాచలేదు. తర్వాత చెక్క సంగతికి వచ్చింది. అక్కడ ఉన్నవాళ్లంతా బుడ్డలు పండించేవాళ్లే. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నేనూ బుడ్డల సేలో పుట్టినదాన్నే. ఆ సెక్క అంటే నాకు పానం. కానీ వానకు తడిసి బూజు పట్టినాక అది మన సెక్క కాదప్పా. ఎండబెడితే బూజు రాలిపోతాది, విషం పోదు. గేదెకైనా, కోడికైనా పెట్టొద్దు. బాతుకు అసలే వద్దు" అంది.

అప్పుడు మా మామ లేచి నిలబడ్డాడు. ఆయన ఏమంటాడోనని చూశాను. ఈసారి చెక్క మూటలు నేల మీద కాకుండా అటక మీద పెట్టాననీ, కోళ్లకు అది మానేశాననీ, కోళ్లు బాగున్నాయనీ అందరికీ వినబడేలా చెప్పాడు. "మా పాప సెప్పింది నిజం" అని చెల్లెలిని చూపించి కూర్చున్నాడు.

ఆ తర్వాత మా అత్తను వదల్లేదు జనం. ఆస్పరి నుంచి వచ్చిన ఒకావిడ తమ ఊళ్లో కొర్రలు దండిగా ఉన్నాయి, వాటితోనే మేత కలపవచ్చా అని అడిగింది. ఇంకొకామె బాతుపిల్లలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. బకెట్లో అజొల్లా చూస్తుండగానే అయిపోయింది. చెంబుల్లో, సంచుల్లో, ఒకామె టిఫిన్ డబ్బాలో పట్టుకుపోయారు. మా అత్త ఒక్కొక్కరికీ గుంత ఎంత లోతు తవ్వాలో చేత్తో కొలిచి చూపించింది. నీడ ఉండాలని మళ్లీ మళ్లీ చెప్పింది. టెంటు విప్పుతున్నా ఆమె లేవలేదు, చుట్టూ ఆడవాళ్లు కూర్చునే ఉన్నారు. మా ఆయన ఆటో తిప్పుకుని వచ్చి హారన్ కొట్టాడు. ఆమె చెయ్యెత్తి, ఆగమన్నట్టు ఊపి, పక్కనున్న మనిషికి ఈస్ట్ పొడి ఏ దుకాణంలో దొరుకుతుందో చెబుతూనే ఉంది.